ముల్లు మధ్యలోనే ఉంది, మరి ఆయిల్ సంగతేంటి?

డాష్‌బోర్డు మీద హీట్ ముల్లు మధ్యలో ఉంటే ఇంజన్‌కి ఏ ఇబ్బందీ లేనట్టే అని మన డ్రైవర్లలో చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ ముల్లు చూపించేది నీళ్ల వేడి ఒక్కటే. ఆయిల్ ఎంత కాగిపోతోందో చెప్పే ముల్లు మన పికప్ బండ్లలో దాదాపు దేనికీ ఉండదు. పైగా చాలా కొత్త బండ్లలో ఆ నీళ్ల ముల్లు కూడా పూర్తి నిజం చెప్పదు. చిన్న చిన్న మార్పులకి డ్రైవర్ కంగారు పడకూడదని, వేడి కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలబడేలా తయారుచేసేవాళ్లే దాన్ని అమరుస్తారు. అందుకే ఆయిల్ కూలర్ జామ్ అయిన బండి నెలల తరబడి మామూలుగానే తిరుగుతుంది. ఒకరోజు ఉన్నట్టుండి ఆయిల్ లైటు వెలుగుతుంది. ఓనర్ గ్యారేజీకి వెళితే వినిపించే మొదటి మాట 'ఇంజన్ దింపాలి'.

నేను విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కౌంటర్‌లో కూర్చుంటాను. డీజిల్ పికప్‌ల సామానే ఎక్కువ అమ్ముతాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నా వ్యాపారానికి ఎదురు మాటలా అనిపించొచ్చు. అయినా చెప్పాలి. ఆయిల్ ప్రెషర్ తగ్గిందనో, బండి హీటెక్కుతోందనో వచ్చి ఆయిల్ పంప్, రేడియేటర్, వాటర్ పంప్ కొనుక్కెళ్లేవాళ్లలో ఎక్కువమంది దగ్గర ఒక్క కొలత కూడా ఉండదు. "మెకానిక్ తెమ్మన్నాడన్నా" అంటారు. ఏం చూసి తెమ్మన్నాడు అని అడిగితే జవాబు రాదు. నీళ్ల వేడి, ఆయిల్ వేడి రెండూ కొలిచి పక్కపక్కన రాసుకోకుండా ఒక్క బోల్టు కూడా విప్పకూడదని నేనంటాను. అలా కొలిచినందుకు మెకానిక్‌కి మనం విడిగా డబ్బులివ్వాలని కూడా అంటాను. ఈ రెండో మాట దగ్గరే నాతో గొడవ పడేవాళ్లు ఎక్కువ.

ముందు అసలు ఈ కూలర్ ఏం చేస్తుందో చూద్దాం. ఇంజన్ ఆయిల్ పని రాపిడి తగ్గించడంతో అయిపోదు. పిస్టన్ల అడుగు భాగాన్ని తడిపి వాటి వేడి లాగేది ఆయిలే, టర్బో బేరింగుల వేడిని మోసుకొచ్చేదీ ఆయిలే. ఆ వేడిని ఎక్కడో ఒకచోట దించాలి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే సంప్‌కి తగిలే గాలికి కొంత దిగుతుంది, మిగతాది కూలర్‌లో దిగాలి. చాలా పికప్‌లలో ఇది ఆయిల్ ఫిల్టర్ దగ్గరే బ్లాకుకి బిగించి ఉంటుంది. అరచేతిలో పట్టేంత వస్తువు. లోపల పలచటి రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక సందులో ఆయిల్, పక్క సందులో నీళ్లు, మళ్లీ ఆయిల్, మళ్లీ నీళ్లు. సందు వెడల్పు మిల్లీమీటర్లలోనే. ఆయిల్ వేడి రేకు దాటి నీళ్లలోకి వస్తుంది, నీళ్లు దాన్ని రేడియేటర్‌కి చేరుస్తాయి.

ఇప్పుడు ఆ నీళ్ల సందులు పూడుకుపోయాయనుకోండి. ఆయిల్‌లోని వేడికి బయటికి దారి ఉండదు. రేడియేటర్‌కి వచ్చే వేడి తగ్గిందే గానీ పెరగలేదు కాబట్టి నీళ్ల ముల్లు కదలదు. ఆయిల్ మాత్రం కాగుతూనే ఉంటుంది. మన పికప్‌లలో మామూలుగా పోసే 15డబ్ల్యూ-40 ఆయిల్‌కి 100 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో, 120 డిగ్రీలకి వచ్చేసరికి దాదాపు మూడో వంతు పోతుంది. 130కి వస్తే సగానికి దగ్గరపడుతుంది. అంత పలచబడిన ఆయిల్ బేరింగుల దగ్గర నిలవదు, పక్కలకి జారిపోతుంది. హై స్పీడ్‌లో పంప్ వేగంగా తిరుగుతుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. యాక్సిలరేటర్ వదిలి ఐడిల్‌కి రాగానే ప్రెషర్ పడిపోయి లైటు మినుకుమంటుంది. కంటికి కనిపించని నష్టం ఇంకోటి ఉంది. వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయిల్ పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుంది. కంపెనీ చెప్పిన కిలోమీటర్ల లెక్క చూసుకుని ఆయిల్ మార్చే ఓనర్, తన బండిలో ఆయిల్ ఎప్పుడో సత్తువ చచ్చిపోయి తిరుగుతోందని ఊహించను కూడా ఊహించడు.

గుంటూరులో మా బాబాయికి ఒక పికప్ ఉంది. మిర్చి సీజన్‌లో వినుకొండ, నరసరావుపేట వైపు నుంచి రైతుల సరుకు యార్డుకి తోలతాడు, యార్డు నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకి వేస్తాడు. ఏప్రిల్ ఎండలో దూరం నుంచి లోడుతో వచ్చి యార్డు గేటు దగ్గర వరసలో ఆగితే ఆయిల్ లైటు మినుకుమనేది. కాస్త యాక్సిలరేటర్ తొక్కితే ఆరిపోయేది. పొద్దున చల్లటి బండికి అసలు వచ్చేది కాదు. నీళ్ల ముల్లు ఎప్పుడు చూసినా మధ్యలోనే. ఒక గ్యారేజీలో ఆయిల్ పంప్ పోయిందన్నారు. ఇంకోచోట మెయిన్ బేరింగులు అరిగాయి, ఇంజన్ దింపాలన్నారు. ఇంకొకాయన చిక్కటి ఆయిల్ పోసి తిప్పుకోమన్నాడు. వీళ్లందరూ చేతిలో పని ఉన్నవాళ్లే. ఎవరి మాటా అసాధ్యం కాదు, ఆ లక్షణానికి ఆ కారణాలన్నీ ఉండొచ్చు. కానీ ఒక్కరు కూడా ఏ వేడినీ కొలవలేదు, ప్రెషర్ గేజ్ పెట్టలేదు. బాబాయి ఫోన్ చేసి, "అబ్బాయ్, మీ షాపులో ఆయిల్ పంప్ ఎంత పడుద్ది?" అన్నాడు. "పంప్ సంగతి తర్వాత బాబాయ్, ముందు బండి తీసుకుని రాత్రికి ఇక్కడికి వచ్చెయ్" అన్నాను.

రాత్రికే రమ్మనడానికి కారణం ఉంది. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే స్టార్ట్ చేయకముందు తీసుకునే కొలత చాలా విలువైనది. ఆ సమయంలో నీళ్లు, ఆయిల్, బ్లాకు, గాలి అన్నీ ఇంచుమించు ఒకే వేడిలో ఉండాలి. తాళం ఆన్ చేసి, బండి కంప్యూటర్‌లోని అంకెలు చూపించే స్కానర్ పెడితే నీళ్ల సెన్సర్ 28 చూపించింది, మన చేతిలోని మీటరు కూడా 28, 29 చూపించింది అనుకోండి, రెండూ నమ్మదగ్గవే. అక్కడే ఏడెనిమిది డిగ్రీలు తేడా ఉంటే ఇక ఆ రోజు తీసే కొలతలేవీ పనికిరావు. ముందు సెన్సర్ సంగతి చూసుకోవాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు, పది నిమిషాల పని. అయినా దీన్ని చేసే గ్యారేజీలు చాలా తక్కువ.

కొలిచే సాధనం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఇప్పుడు చాలామంది దగ్గర ఉంటోంది, మంచిదే. కానీ దాన్ని మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే అసలు వేడి కంటే బాగా తక్కువ చూపిస్తుంది. మెరిసే లోహం తన వేడిని బయటికి కనపడనివ్వదు, చుట్టుపక్కల వస్తువుల వేడినే అద్దంలా తిప్పికొడుతుంది. కొలిచే చోట సైలెన్సర్‌కి వేసే మెరుపు లేని నల్ల పెయింట్ రూపాయి బిళ్లంత పూసి, ఆరాక ఆ మచ్చ మీదే గురిపెట్టాలి. ఇంకా మంచిది, వేడి కొలిచే తీగ ఉన్న మల్టీమీటర్. తీగ కొసని ఫిల్టర్ బాడీకి క్లిప్‌తో బిగించి, రెండో కొస క్యాబిన్‌లోకి లాక్కుంటే బండి నడుస్తుండగానే అంకెలు చూడొచ్చు. బండి ఆపాక కొలిచిన దానికీ, లోడు మీద నడుస్తున్నప్పుడు కొలిచిన దానికీ చాలా తేడా ఉంటుంది.

బాబాయి బండికి రెండు తీగలు బిగించాం. ఒకటి సంప్ అడుగున డ్రెయిన్ బోల్టుకి, ఒకటి ఫిల్టర్ బాడీకి. ఆ ఇంజన్‌లో ఆయిల్ సంప్ నుంచి పంప్‌కి, అక్కడి నుంచి కూలర్‌కి, కూలర్ దాటాక ఫిల్టర్‌కి వెళుతుంది. అంటే డ్రెయిన్ బోల్టు దగ్గరది కూలర్‌కి ముందు వేడి, ఫిల్టర్ దగ్గరది కూలర్ తర్వాత వేడి. ఈ రెంటి మధ్య తేడాయే కూలర్ చేస్తున్న పని. నీళ్ల వేడి స్కానర్‌లో కనిపిస్తుంది. లోడు వేసుకుని వారధి దాటి గుంటూరు రోడ్డెక్కాం. బాబాయి స్టీరింగ్ మీద, నేను పక్క సీట్లో కాగితం పట్టుకుని.

మంగళగిరి దగ్గర నీళ్లు 85, ఫిల్టర్ దగ్గర ఆయిల్ 103. అప్పటికింకా ఏమీ చెప్పలేం. ఇంజన్ పూర్తిగా వేడెక్కి, ఒకే వేగంతో కనీసం అరగంట నడిస్తే గానీ ఆ తేడాకి అర్థం ఉండదు. కాజా టోల్‌గేట్ దాటాక అదే వేగంతో సాగుతుంటే నీళ్లు 87 దగ్గరే ఆగిపోయాయి, ఆయిల్ మాత్రం ఎక్కుతూనే ఉంది. గుంటూరు దగ్గరపడేసరికి నీళ్లు 87, ఫిల్టర్ దగ్గర ఆయిల్ 119, డ్రెయిన్ బోల్టు దగ్గర 122. నీళ్లకీ ఆయిల్‌కీ మధ్య 32 డిగ్రీల తేడా. కూలర్‌లోకి వెళ్లే ముందూ వచ్చిన తర్వాతా ఆయిల్‌లో తేడా మూడు డిగ్రీలు. అంత వేడి ఆయిల్, అంత చల్లటి నీళ్లు పక్కపక్కనే పారుతూ మూడు డిగ్రీలే దిగిందంటే ఆ కూలర్ ఉన్నా లేనట్టే.

పక్కకి ఆపి కూలర్ నీళ్ల గొట్టాలు చూశాం. లోపలికి వెళ్లే గొట్టం 87, బయటికి వచ్చేది 102. నీళ్లు ధారాళంగా పారుతుంటే ఈ రెండిటి మధ్య తేడా కొద్ది డిగ్రీలే ఉంటుంది. ఇక్కడ సన్నటి ధార లోపల చాలాసేపు నిలబడి కాగి వస్తోంది. ఇది కూడా గుర్తుపెట్టుకోదగ్గ విషయం. దారి సన్నబడితే బయటికొచ్చే గొట్టం బాగా వేడిగా ఉంటుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఆ గొట్టం చల్లబడిపోతుంది. దారి బాగానే ఉండి రేకుల మీద పొర మాత్రమే కట్టి ఉంటే గొట్టాల మధ్య తేడా కనిపించదు, ఆయిల్ మాత్రం వేడిగా ఉంటుంది.

ఆ తర్వాత ప్రెషర్. సెన్సర్ స్విచ్ తీసి ఆ చోట ముల్లు గేజ్ పెట్టాం. ఆయిల్ 115 పైన ఉన్నప్పుడు ఐడిల్‌లో అర బార్ కూడా లేదు. బండి ఆపి, చెట్టు నీడలో టీ తాగి, ఆయిల్ 95కి దిగాక మళ్లీ స్టార్ట్ చేస్తే ఐడిల్‌లోనే ఒక బార్ దాటింది. అదే పంప్, అవే బేరింగులు, అదే ఆయిల్. మారింది వేడి ఒక్కటే. ఆయిల్ ప్రెషర్ ఎంత ఉందో చెబుతూ ఆ సమయానికి ఆయిల్ వేడి ఎంతో చెప్పకపోతే ఆ అంకెకి విలువ లేదు. ఈ ఒక్క పరీక్షతో ఇంజన్ దింపాల్సిన పని తప్పింది.

కూలర్ విప్పాక చూసింది చెబుతాను. ఆయిల్ వైపు నల్లగా జిడ్డుగా ఉంది, అది మామూలే. నీళ్ల వైపు రేకుల అంచుల్లో మురికి తెలుపు రంగు పెంకు, మధ్యమధ్యలో తుప్పు చారలు. స్క్రూడ్రైవర్ కొసతో గీకితే పలకలు పలకలుగా రాలింది. కొన్ని సందుల్లో టార్చ్ వేస్తే అవతలి వెలుతురు కనిపించనే లేదు. రాలిన పెంకు ముక్క ఒకటి తీసుకుని పక్క టిఫిన్ బండి నుంచి తెచ్చిన నిమ్మచెక్క పిండాను. బుసబుసమని నురగ కట్టింది. నురగ వచ్చిందంటే అది సున్నపు పొర, నీళ్ల నుంచి వచ్చింది. తుప్పు అయితే నురగ రాదు. రేడియేటర్ లీకుకి పోసే పౌడర్లు అయితే జిగురుగా, బంకబంకగా చేతికి అంటుకుంటాయి. కూలర్ మార్చే ప్రతి మెకానిక్కూ పాత కూలర్‌ని పారేసే ముందు ఈ నిమ్మకాయ పరీక్ష చేస్తే బాగుంటుంది. కారణం తెలియకుండా కొత్తది బిగిస్తే అదే రోగం మళ్లీ వస్తుంది.

ఆ సున్నం ఎక్కడి నుంచి వచ్చింది? బంకుల్లో కుళాయి నీళ్ల నుంచి. రోడ్డు మీద నీళ్లు తగ్గినప్పుడల్లా ఏ బంకు దగ్గర ఆగితే ఆ బోరు నీళ్లు పోయడం మన డ్రైవర్లందరికీ అలవాటు. గుంటూరు, పల్నాడు వైపు బోరు నీళ్లు ఇంట్లో మరగపెట్టుకునే గిన్నెకి తెల్లటి పొర కట్టడం ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లందరూ చూసిందే. తాగే నీళ్లకి ఉన్న ఐఎస్ 10500 ప్రమాణంలో లీటరుకి 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా మంచిదంటారు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మనిషి తాగడానికి పర్లేదన్న నీళ్లు కూడా ఇంజన్‌కి పనికిరాకపోవచ్చు. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగి ఉన్న సున్నం విడిపోయి గట్టిపడుతుంది. అందుకే ఎక్కడ లోహం ఎక్కువ వేడిగా ఉంటే అక్కడే ముందు పేరుకుంటుంది. ఇంజన్‌లో అంత వేడీ, అంత సన్నటి దారీ కలిసి ఉండే చోట్లలో ఆయిల్ కూలర్ ఒకటి. ఆ సున్నపు పొర వేడిని దాటనిచ్చే శక్తి అల్యూమినియంతో పోలిస్తే వందో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. పొర మందమయ్యే కొద్దీ కూలర్ పని తగ్గిపోతుంది.

"మన ఊళ్లో మంచు పడుద్దా ఏంటి, కూలెంట్ ఎందుకు?" అని అడిగేవాళ్లు చాలామంది. గడ్డకట్టకుండా ఆపడం కూలెంట్ పనుల్లో ఒకటి, మనకి అది అక్కర్లేదు, నిజమే. మనకి కావలసింది దాంట్లో కలిపే తుప్పు నిరోధకాలు, మరిగే స్థాయిని పెంచే గుణం. అల్యూమినియం హెడ్, ఇనుప బ్లాకు, స్టీలు రేకులు అన్నీ ఒకే నీళ్లలో మునిగి ఉన్న ఇంజన్‌లో ఆ నిరోధకాలు లేకపోతే లోహాన్ని తుప్పు తినేస్తుంది, ఆ తుప్పు వెళ్లి మళ్లీ కూలర్ సందుల్లోనే కూర్చుంటుంది. కూలెంట్ పోస్తున్నాం కదా అని దాన్ని బోరు నీళ్లతో కలిపితే కూడా లాభం లేదు. కొన్ని రకాల కూలెంట్లలో ఉండే ఫాస్ఫేట్లు ఆ నీళ్లలోని సున్నంతో కలిసి అడుగున గసిలా దిగుతాయి. ఆకుపచ్చదీ నారింజ రంగుదీ కలిపి పోయడం ఇంకో తప్పు. రంగును బట్టి రకం తేల్చుకోకుండా డబ్బా మీద ఏ రకమో చదివి, బండి పుస్తకంలో రాసిన రకమే వాడాలి. కూలెంట్‌లో కలపడానికి బ్యాటరీ వాటర్ (డిస్టిల్డ్ వాటర్) చాలా బంకుల్లో దొరుకుతుంది. అది కూడా దొరక్కపోతే ఊరూరా ఉన్న ఆర్ఓ ప్లాంటు నీళ్లు బోరు నీళ్లకంటే ఎన్నో రెట్లు నయం, కాకపోతే కూలెంట్ లేకుండా ఆ నీళ్లు ఒక్కటే పోసి వదిలేయకూడదు.

ఈ రెండు వేడుల లెక్క నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో ఫోర్డ్ పెద్ద పికప్‌లలో 2003 నుంచి 2007 దాకా వచ్చిన 6.0 లీటర్ పవర్‌స్ట్రోక్ డీజిల్ ఇంజన్ ఉంది. నావిస్టార్ తయారుచేసింది. దాంట్లో ఆయిల్ కూలర్ ఇంజన్ రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో, మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది. బ్లాకు పోత పోసినప్పుడు మిగిలిన ఇసుక, కూలెంట్‌లోంచి విడిపోయిన సిలికేట్ జిగురు వెళ్లి ఆ కూలర్ సందుల్లో పేరుకునేవి. అక్కడితో ఆగదు. ఆ ఇంజన్‌లో ఆయిల్ కూలర్ దాటిన నీళ్లే ఈజీఆర్ కూలర్‌కి, అంటే ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ముందు దాన్ని చల్లబరిచే కూలర్‌కి వెళతాయి. ముందుది పూడితే వెనకదానికి నీళ్లు సరిగ్గా అందవు, ఎగ్జాస్ట్ వేడికి అది చిరుగుతుంది, నీళ్లు ఆవిరై ఇంజన్‌లోకి పోతాయి, తర్వాత హెడ్ గ్యాస్కెట్లు. అక్కడి ఓనర్లూ మెకానిక్కులూ దెబ్బలు తిని తిని ఒక లెక్క పెట్టుకున్నారు. పూర్తిగా వేడెక్కిన బండిని హైవే మీద ఒకే వేగంతో నడిపినప్పుడు ఆయిల్, నీళ్ల కంటే 15 ఫారన్‌హీట్ డిగ్రీలకి మించి వేడిగా ఉండకూడదు. మన లెక్కలో అది సుమారు 8 డిగ్రీలు. దాటితే కూలర్ పూడుతున్నట్టే.

ఆ 8ని తెచ్చి మన బండ్లకి అతికించకూడదు. ఆ ఇంజన్ వేరు, దాని సెన్సర్లు ఉన్న చోట్లు వేరు, ఆ కూలర్ సైజు వేరు. మన పికప్‌లలో ఆరోగ్యంగా ఉన్న బండికి కూడా అంతకన్నా ఎక్కువ తేడా రావొచ్చు. మనం తీసుకోవాల్సింది వాళ్ల పద్ధతి. బండి బాగున్నప్పుడే ఒకసారి లోడుతో, ఎండలో, రోజూ తిరిగే రోడ్డు మీద రెండు అంకెలు రాసి పెట్టుకుంటే, తర్వాత ఎప్పుడైనా అదే రోడ్డు మీద అవే అంకెలతో పోల్చుకోవచ్చు. తేడా పెరుగుతూ వస్తోందంటే లైటు వెలగడానికి ఎంతో ముందే తెలిసిపోతుంది.

ఆయిల్ వేడిగా ఉన్న ప్రతిసారీ కూలర్‌దే తప్పు అనుకోవడం కూడా ప్రమాదమే. నీళ్ల వేడి కూడా పైకి వెళుతుంటే రేడియేటర్, ఫ్యాన్ క్లచ్, వాటర్ పంప్ వైపు చూడాలి, కూలర్ తర్వాత. ఆయిల్ లెవెల్ తక్కువున్నా, మోయగలిగిన దానికి మించి లోడు వేసినా ఆయిల్ వేడెక్కుతుంది. నీళ్లు తగినంత వేడెక్కేదాకా రేడియేటర్‌కి వెళ్లకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వు తీసేసిన బండి అయితే ఈ పరీక్షే చెల్లదు. ఎండాకాలం రాగానే ఆ వాల్వు పీకి పారేయడం మన దగ్గర పెద్ద జాడ్యం. నీళ్లు 65 దగ్గరే తిరుగుతుంటే ఆయిల్‌కీ నీళ్లకీ తేడా ఎలాగూ పెద్దగానే కనిపిస్తుంది, దాంతో బాగున్న కూలర్ మీద నింద పడుతుంది. ముందు వాల్వు పెట్టించి, నీళ్లు ఉండాల్సిన వేడికి వచ్చాకే కొలవాలి. ఇక కూలర్ చిల్లు పడితే లక్షణం వేరు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ నీళ్ల ప్రెషర్ కంటే ఎక్కువ కాబట్టి ఆయిల్ నీళ్లలోకి వస్తుంది, కూలెంట్ బాటిల్‌లో జిడ్డు తెట్టు తేలుతుంది. అది చూడగానే హెడ్ గ్యాస్కెట్ అని హెడ్ విప్పేస్తారు. కూలర్‌ని విప్పి, ఆయిల్ దారులు మూసి, గాలి పట్టించి నీళ్ల తొట్లో ముంచితే బుడగలు వస్తాయో లేదో చూడటం హెడ్ విప్పడం కంటే చాలా తేలిక.

పూడిందని తేలాక కొత్త కూలర్ వేసేసి చేతులు దులుపుకోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే పని. బ్లాకులో, రేడియేటర్‌లో మిగిలిన సున్నమూ తుప్పూ కొన్ని వారాల్లో కదిలి వచ్చి కొత్త కూలర్‌లో కూర్చుంటాయి. సిట్రిక్ యాసిడ్‌తో నీళ్ల దారి మొత్తం కడిగి, శుభ్రమైన నీళ్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ ఫ్లష్ చేసి, ఆఖరి కడుగు బ్యాటరీ వాటర్‌తో చేసి, అప్పుడే కొత్తది బిగించాలి. తొందరగా పోతుందని బాత్రూమ్ యాసిడ్ పోసేవాళ్లు, కాస్టిక్‌లో ముంచేవాళ్లు ఉన్నారు. రెండూ అల్యూమినియాన్ని తినేస్తాయి. రేడియేటర్ లీకైందని పసుపు పోయడం కూడా ఇక మానుకోవాలి. అది లీకుని ఎంత ఆపుతుందో గానీ కూలర్ సందుల్లోకి మాత్రం తప్పకుండా వెళుతుంది. ఇంకొక సందర్భం: బేరింగు పోయి లోహపు రజను ఆయిల్‌లో కలిసిన ఇంజన్ అయితే కూలర్‌ని కడిగి వాడకూడదు. ఆయిల్ వైపు సందుల్లోంచి ఆ రజను పూర్తిగా రాదు, కొత్త బేరింగుల్ని కూడా తినేస్తుంది.

"మా నాన్న లారీకి కాలవ నీళ్లే పోసేవాడు, ఏమైంది?" అనే పెద్దవాళ్లంటే నాకు గౌరవం ఉంది. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. ఆ ఇంజన్లలో నీళ్ల దారులు వెడల్పు, రేడియేటర్లు రాగి, ఇత్తడివి, ఈజీఆర్ కూలర్ అనేదే లేదు. చిన్న ఇంజన్ నుంచి ఇంత శక్తి పిండడమూ లేదు. పైగా ఆ తరం డ్రైవర్ పొద్దున్నే మూత తీసి నీళ్లు చూడకుండా బండి కదిలించేవాడు కాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఇంజన్ చుట్టూ వేడి ఎక్కువ, సందులు తక్కువ, నీళ్ల మీద ఆధారపడ్డ పార్టులు ఎక్కువ. ఆనాటి అలవాటు ఈ ఇంజన్‌కి సరిపోదు.

ఇక డబ్బుల సంగతి. మెకానిక్కులు కొలవరని అందరూ తిడతారు. నేను తిట్టను. బాబాయి బండికి మేం చేసిన పరీక్షకి దాదాపు ఒక రోజు పట్టింది. ఆ పని ఒక మెకానిక్ చేసి, చివర్లో "నీ పంప్ బాగుంది, బేరింగులు బాగున్నాయి" అని చెబితే మనలో ఎంతమంది అతని చేతిలో డబ్బులు పెడతాం? "ఏం మార్చావని ఇవ్వాలి?" అంటాం. డాక్టర్ దగ్గర రక్త పరీక్షకి నోరు మెదపకుండా కట్టే మనిషే, గ్యారేజీలో పరీక్షకి బేరమాడతాడు. విప్పితేనే కూలి, మారిస్తేనే కూలి అని మనమే నేర్పాం. అలాంటప్పుడు అతను విప్పుతాడు, మారుస్తాడు. పంప్ మార్చినా లైటు ఆరకపోతే బేరింగులు అంటాడు. ఫైనాన్స్ వాయిదాలు కట్టుకుంటూ సొంతంగా నడుపుకునే మనిషికి సీజన్‌లో బండి గ్యారేజీలో పడి ఉంటే ఆ ఏడాది సంపాదనే పోతుంది. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేలోపు తిరిగిన కిరాయిలే అతనికి మిగిలేవి.

అందుకని గ్యారేజీల వాళ్లని నేను అడిగేది ఒకటే. చెకింగ్ చార్జీ ఇంత అని బోర్డు పెట్టండి, మొహమాటపడకండి. బిల్లు మీద నీళ్ల వేడి, ఆయిల్ వేడి, ఆ వేడి దగ్గర ప్రెషర్, కొలిచిన చోటు రాసివ్వండి. ఆ కాగితం పట్టుకుని వస్తే ఏ పార్టు అవసరమో నాక్కూడా తెలుస్తుంది, తప్పు పార్టు అమ్మిన పాపం నాకు అంటదు. ఓనర్లని అడిగేది, పార్టు ఏదీ మార్చకపోయినా ఆ చార్జీ ఇవ్వండి. తిరుపతో శ్రీశైలమో వెళ్లే ముందు బండి చూపించుకున్నట్టే, మిర్చి సీజన్ మొదలయ్యే ముందు జనవరిలో ఒకసారి ఈ కొలత తీయించి, కాగితాన్ని ఆర్సీతో పాటు ఉంచుకోండి.

బాబాయి బండికి ఫ్లష్ చేసి కొత్త కూలర్ వేశాక అదే లోడుతో అదే రోడ్డు మీద మళ్లీ కొలిచాం. నీళ్లు 88, ఫిల్టర్ దగ్గర ఆయిల్ 99. పాత పంపే ఉంది, పాత బేరింగులే ఉన్నాయి. సీటు కింద ఇప్పుడు సగం కూలెంట్, సగం బ్యాటరీ వాటర్ కలిపిన ఐదు లీటర్ల క్యాన్ ఉంటోంది, బంకు కుళాయి జోలికి వెళ్లడం లేదు. ఏడాది తిరిగాక ఇంకోసారి కొలవాలి.